ఖాళీ బెంచీ పేజీ

పోయిన నెల తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదురుగా ఇద్దరు అమ్మాయిలు, వాళ్ళ ఒళ్ళో ఉద్యోగ పరీక్షల గైడు. ఒకమ్మాయి ప్రశ్న చదువుతోంది. రెండో అమ్మాయి కళ్ళు మూసుకుని జవాబు చెబుతోంది. నదులు అయిపోయాయి, రాజ్యాంగం అయిపోయింది. బండి చినరావూరు దాటాక మొదటి అమ్మాయి పేజీ తిప్పి, "ఖాళీ బెంచీ దేనికి ఉదాహరణ?" అని అడిగింది.

"వర్గ భయానికి," అంది రెండో అమ్మాయి, కళ్ళు తెరవకుండానే.

"కరెక్టు."

కరెక్టు కాదమ్మా అని చెప్పబోయాను. నోట్లో వేరుశనగ పప్పులున్నాయి. నమిలి మింగేలోపు వాళ్ళు జాతీయాదాయంలోకి వెళ్ళిపోయారు. నా జీవితంలో చెప్పాల్సిన మాటలు చాలావరకు ఇలాగే ఏదో ఒకదానితో కలిపి మింగేశాను.

ఆ జవాబు తప్పని గట్టిగా తెలిసినవాళ్ళం ముగ్గురం. ఒకరు ఆ ఖాళీ బెంచీ గురించి పుస్తకంలో రాసిన మా మేష్టారు. ఆయన పోయిన వానాకాలం పోయారు. రెండో మనిషి ఆ బెంచీ పక్కన నిలబడ్డ కోటమ్మ. మూడోవాణ్ణి నేను. ఆ తప్పుకి మూలపురుషుణ్ణి.

మేష్టారు తెనాలిలో ఒక కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవారు. తరగతి గదిలో నిలబడి తరగతుల గురించి చెప్పడమే ఉద్యోగం. "వర్గమూలం మేం రెండు నిమిషాల్లో తీసేస్తామండీ, మీరు ముప్పై ఏళ్ళుగా తీస్తూనే ఉన్నారు," అని స్టాఫు రూములో లెక్కల మేష్టారు ఏడిపించేవారట. దానికి మా మేష్టారు నవ్వేవారట గానీ, కూర్చుని నవ్వేవారు కాదట. ఆయన దేన్నీ కూర్చుని చేసేవారు కాదు. కూర్చుంటే కాలు ఊగేది, నిలబడితే మనిషే ఊగేవారు. కాలు ఊపితే ఇంటికి దరిద్రం అని చిన్నప్పుడు వాళ్ళమ్మ గదమాయిస్తే, దరిద్రం ఎటునుంచి వస్తుందో కనిపెడదామనే ఊపుతున్నానమ్మా అన్నారట. నిజంగా అన్నారో, మేమందరం కలిసి అనిపించామో తెలియదు. కనిపెట్టడానికి తిరిగిన మాట మాత్రం నిజం.

ఆయన పరిశోధనకి గది లేదు, బల్ల లేదు. జనం కాచుకుని ఉండే చోటల్లా ఆయనకి గదే. మూసిన రైలు గేటు, ఆరెంపీ డాక్టరుగారి వరండా, రేషన్ షాపు, పింఛన్ల రోజున బ్యాంకు, తెల్లారగట్ల కూలి పిలుపుల కోసం ఆడవాళ్ళు నిలబడే అంగలకుదురు సెంటరు. చేతిలో పొడుగ్గా మడిచిన నోటుబుక్కు. ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరు వెనకొచ్చి ముందు లోపలికి వెళ్ళారు, కాచుకున్నవాళ్ళు ఆ సేపట్లో ఏం చేశారు, ఇవే రాసుకునేవారు. గేటు దగ్గర కారు హారన్ కొడితే రాసుకునేవారు. వెనక సైకిలు మీదున్న మనిషి బెల్లు కొట్టకపోతే అదీ రాసుకునేవారు.

"ఎవడి దగ్గర ఏముందని అడక్కు," అనేవారు. "ఎవడి పూట ఎవడి చేతిలో ఉందో అడుగు."

ఆయన సిద్ధాంతమంతా ఇంతే. ఆస్తి అంటే మనం పొలం, ఇల్లు, మిల్లు అనుకుంటాం. వాటన్నిటి వెనకా ఉన్న అసలు ఆస్తి ఇంకొకరి పూట అంటారాయన. నీ కోసం ఎందరు కాచుకుంటారు, ఎందరి కోసం నువ్వు కాచుకుంటావు, ఆ రెండింటి మధ్య నువ్వు ఎక్కడున్నావో అదే నీ తరగతి. కాచుకోవడం ఖాళీగా ఉండటం కాదు, ఒకరి దగ్గర నుంచి ఇంకొకరు తీసేసుకున్న పని. బీదవాళ్ళ ఓపిక అని మనం మెచ్చుకునేది చాలాసార్లు వాళ్ళకి వేరే దారి లేకపోవడమే. ఇవన్నీ కలిపి తెనాలిలో ఒక చిన్న ప్రెస్సులో పల్చటి పుస్తకం వేయించారు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత పార్టీవాళ్ళు పట్టించుకున్నారు, అంటే తిట్టారు. దోపిడీని వదిలేసి క్యూలు పట్టుకున్నాడు అన్నారు. దోపిడీ గుమ్మం ముందు నిలబడ్డ క్యూ అది అన్నారు మేష్టారు. ఆ తర్వాత పై ఊళ్ళ యూనివర్సిటీల నుంచి మనుషులు దిగడం మొదలైంది. ఇంగ్లీషులోకి వెళ్ళింది, ఇంకేవో భాషల్లోకి వెళ్ళింది. బయటివాళ్ళు ఈయన్ని వెతుక్కుంటూ వస్తే ఈయన ఇంట్లో ఉండేవారు కాదు. ఎవరో నాలుగింటికి వస్తామంటే మూడున్నరకే వీధి చివరికి వెళ్ళి నిలబడేవారు. తన కోసం ఒక్కరు కూడా కాచుకోకూడదు. ఎవరింటికైనా వెళ్తే ముందే చేరి, అన్న టైమయ్యే దాకా ఆ వీధిలో పచార్లు చేసేవారు. కొలకలూరులో మా ఇంటి చుట్టూ అలా తిరుగుతుంటే, బాకీ వసూలుకి వచ్చిన మనిషనుకుని మా ఆవిడ నేను లేనని చెప్పి పంపించేసింది.

ఆయనా నేనూ కలిసింది నా ఆఫీసు వరండాలో. రేపల్లె వైపు ఒక ప్రభుత్వ ఆఫీసు. ఏ ఆఫీసో చెప్పను, ఇంకా పింఛను తీసుకుంటున్నాను. అప్పుడు నాకు కొత్త ఉద్యోగం. గుమాస్తానే గానీ నన్ను నేను రచయిత అనుకునేవాణ్ణి. మేష్టారు వారానికి రెండు రోజులు మా వరండాలో స్తంభానికి ఆనుకుని నోటుబుక్కు నింపుకునేవారు. సాయంత్రం ఒకే ప్యాసింజరులో తిరిగి వచ్చేవాళ్ళం. అంత పెద్దమనిషి నాతో మాట్లాడుతున్నాడని నాకు లోపల్లోపల గర్వం. ఆయన ఏదడిగినా జవాబు చెప్పాలి, ఆ జవాబు తెలివిగా ఉండాలి. అక్కడే కొంప మునిగింది.

ఒకరోజు, అవి నాట్ల రోజులు, ఒకావిడ వితంతు పింఛను కాగితం మీద సంతకం కోసం వచ్చింది. పది గంటలకి వచ్చింది. సంతకం పెట్టాల్సిన ఆఫీసరు మీటింగులో ఉన్నారు. రెండింటి దాకా ఆవిడ బెంచీ పక్కన నిలబడే ఉంది. బెంచీ ఖాళీ. మేష్టారు కాసేపు ఆవిణ్ణి, కాసేపు బెంచీని చూశారు. చివరికి నా కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"బెంచీ ఖాళీగానే ఉంది కదయ్యా. నాలుగు గంటలుగా ఆవిడ ఎందుకు కూర్చోలేదు?"

నేను ఫైల్లోంచి తల ఎత్తలేదు. "వాళ్ళు కూర్చోరండి," అన్నాను. ఊరుకుంటే బాగుండేది. కానీ రచయితని కదా. "ఆఫీసు బెంచీ చూస్తేనే భయం వాళ్ళకి," అన్నాను.

మొదటి వాక్యం నేను రోజూ చూసేది. రెండోది అప్పటికప్పుడు అల్లింది. మేష్టారు రెండూ రాసుకున్నారు. సాధారణంగా ఆయన మనుషుల్ని అడక్కుండా ఏదీ రాసేవారు కాదు. ఆ పూట ఆవిడ లోపలికి వెళ్ళి, సంతకం అయి, అటు గుమ్మం నుంచే వెళ్ళిపోయింది. అందుకని నా మాట తీసుకున్నారు. రోజూ చూసేవాణ్ణి కదా, నాకు తెలుస్తుందనుకున్నారు.

పుస్తకం వచ్చాక జనం పట్టుకున్నది ఆ పేజీనే. మిగతా పేజీల్లో ఆలోచించాలి, ఆ పేజీలో చూస్తే చాలు. ఖాళీ బెంచీ, పక్కన నిలబడ్డ మనిషి, ఎవరూ వద్దనకపోయినా కూర్చోనివ్వని భయం. అట్ట మీద బెంచీ బొమ్మ వేశారు. మీటింగుల్లో వేదిక మీద నిజం బెంచీ ఒకటి ఖాళీగా పెట్టేవారు. నావి మూడు కథలు అచ్చయ్యాయి, మా ఆవిడతో సహా ఎవరూ చదవలేదు. నా వాక్యం మాత్రం ఇన్ని ఊళ్ళు తిరిగింది, అదీ నా పేరు లేకుండా. కొన్నాళ్ళు ఆ రహస్యాన్ని బుగ్గన పెట్టుకుని చప్పరించాను.

చాలా ఏళ్ళకి రెండో ముద్రణ అనుకున్నప్పుడు మేష్టారికి ఒక ఆలోచన వచ్చింది. ఆవిడెవరో వెతికి, పుస్తకం చేతికిచ్చి, ఆ పేజీ చదివి వినిపించాలి. ఇద్దరం కలిసి వాకబు చేశాం. రేపల్లె అవతల ఒక ఊరు, పేరు కోటమ్మ. మేం వెళ్ళేసరికి ఆవిడ నాట్లలో ఉంది. పదిమంది ఆడవాళ్ళు వరసగా వంగి నాటుతున్నారు. మేష్టారు గట్టు మీద చెప్పులు విప్పి నిలబడి, ముఠా గట్టెక్కే దాకా ఆగి, అప్పుడు పేజీ తీసి చదివారు. తడి చేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంటూ ఆవిడ విన్నది. భయం అన్న మాట రాగానే పక్కావిడ కిసుక్కుమంది. తర్వాత అందరూ నవ్వారు.

"భయమేంటి అయ్యా?" అంది కోటమ్మ. "నాట్లప్పుడు తెల్లారింది మొదలు వంగే ఉంటాం. వంగి వంగి నడుం పట్టేస్తే ఎవరికైనా కావాల్సింది నిటారుగా నిలబడ్డమే. కూర్చుంటే మళ్ళీ మడతపడతాం, లేవలేం. ఆ పూట పని లేదు, వంగే పని అసలే లేదు. నిలబడి సుఖపడ్డా."

మేష్టారు పుస్తకం మూశారు. ఆవిడ నా వైపు చూసింది.

"ఈ బాబుగారు కిటికీలో ఉన్నారుగా. ఏంటమ్మా కూర్చోలేదని ఒక్క మాట అడిగుంటే అప్పుడే చెప్పేదాన్ని." మళ్ళీ మేష్టారి వైపు తిరిగింది. "ఒక్క సంతకానికి నాలుగు గంటలు ఆపారు. అది రాయండి అయ్యా. నిలబడిన సంగతి నాకొదిలెయ్యండి."

నేను ఆ గట్టు మీద ఒప్పుకుంటే సరిపోయేది. భయం అన్నది నేనేనమ్మా, ఆయన కాదు అని. అనలేదు. మేష్టారూ చెప్పలేదు. పొరపాటు నాదే తల్లీ అన్నారు. సరిచేసి రాస్తాను, నీ పేరు పెట్టమంటావా అని అడిగారు. తప్పు రాసినప్పుడు పేరు లేదుగా, ఒప్పు రాసేటప్పుడన్నా పెట్టండి అంది.

తిరుగు బండిలో ఆయన ఒక చోట నిలవలేదు. ఈ తలుపు నుంచి ఆ తలుపుకి, ఆ తలుపు నుంచి ఈ తలుపుకి. భట్టిప్రోలు దాటింది, వేమూరు దాటింది. నేను తిట్ల కోసం కాచుకుని కూర్చున్నాను. ఆయన సిద్ధాంతం ప్రకారం ఆ గంటసేపు నాది చాలా కింది తరగతి. చివరికి నా దగ్గరికి వచ్చి, పై బెర్తు గొలుసు పట్టుకుని, "ఒక మనిషి విశ్రాంతిని పట్టుకుని బానిసత్వం అని రాశానయ్యా," అన్నారు. రాశానన్నారు. రాయించావు అనలేదు. ఆ ఒక్కమాటా అనుంటే నాకు ఇన్నేళ్ళు కుదురుగా నిద్ర పట్టేది.

అప్పట్నుంచి ఆయన తిరుగుడు ఇంకో రకమైంది. ఏ మీటింగుకి పిలిచినా మొదటి మాట, ఆ పేజీ తప్పు. జనం చప్పట్లు కొట్టేవారు, ఎంత వినయం అని. తర్వాత మాట్లాడే వక్త లేచి మళ్ళీ ఆ ఖాళీ బెంచీ నుంచే మొదలుపెట్టేవాడు. పబ్లిషరు మార్చనన్నాడు, పుస్తకం నడిచేదే ఆ పేజీ మీద అన్నాడు. శిష్యులు నచ్చజెప్పారు. ఉదాహరణ పోతే పోయింది, సిద్ధాంతం నిలబడింది కదా సార్ అన్నారు. సిద్ధాంతం నిలబడటానికి ఆవిడ ఎందుకయ్యా భయపడాలి అన్నారు మేష్టారు. రెండో ముద్రణ పాత పేజీతోనే వచ్చింది.

అప్పుడాయన తుమ్మబంక సీసా కొన్నారు.

చిన్న చీటీ మీద స్వదస్తూరీతో, ఇక్కడ నిలబడ్డ మనిషి పేరు కోటమ్మ, ఆమె భయంతో నిలబడలేదు, నడుముకి విశ్రాంతి కోసం నిలబడింది, ఈ పొరపాటు నాది అని రాసి, కింద సంతకం పెట్టేవారు. అలాంటివి కట్టలు కట్టలు. సంచీలో చీటీలు, బంక సీసా, తువ్వాలు వేసుకుని తెనాలి, బాపట్ల, రేపల్లె లైబ్రరీలు, కాలేజీలు, తెలిసినవాళ్ళ ఇళ్ళు తిరిగేవారు. పుస్తకం కనిపిస్తే ఆ పేజీ తెరిచి చీటీ అంటించేవారు. కొంగ రెక్కలా తెల్లటి జుట్టు, వేళ్ళ నిండా జిగురు. ఊరికే చేతులు తువ్వాలుకి రుద్దుకునేవారు. ఎవరైనా నమస్కారం పెడితే తిరిగి పెట్టడానికి భయపడేవారు, రెండు అరచేతులూ అంటుకుపోతాయని.

ఒకసారి బాపట్లలో ఒక లైబ్రరీకి నేనూ వెంట వెళ్ళాను. అంటిస్తూ దొరికిపోయాం. లైబ్రేరియన్ నడివయసు ఆవిడ, మర్యాదస్తురాలే.

"బాబాయిగారూ, లైబ్రరీ పుస్తకంలో ఏమీ అంటించకూడదండి."

"ఈ పుస్తకం రాసింది నేనేనమ్మా."

"రాసినవారైనా సరేనండి. కొన్నాక మాదేగా."

మేష్టారికి ఆ జవాబు నచ్చింది. అవును, మీదే, మరి మీ పుస్తకంలో తప్పుంటే మీరు ఊరుకుంటారా అని అడిగారు. ఆవిడ చీటీ చదివింది. మళ్ళీ చదివింది. మా అమ్మా నాట్లకెళ్ళేదండి అని, తన బల్ల సొరుగులోంచి స్కేలు తెచ్చి చీటీ వంకర పోకుండా పట్టుకుంది. మిగతా ప్రతులు ఏ బీరువాలో ఉన్నాయో కూడా చెప్పింది. ఆ రోజు మేష్టారు బాపట్ల స్టేషన్లో పావుగంట కదలకుండా కూర్చున్నారు. నేను గడియారం చూసి మరీ చెబుతున్నాను, పావుగంట.

ఆఖరి రోజుల్లో మంచం మీద ఉండి కూడా కాలు దుప్పటి కింద కదులుతూనే ఉండేది. చీటీలు అన్ని పుస్తకాలకీ చేరవు. చేతికి దొరికిన వాటికి అంటించగలం, దూరాన ఉన్నవాటి సంగతేంటి? కొత్త ముద్రణలో అచ్చులో రావాలి, ఆమె పేరుతో రావాలి. "నేనుండగా కాలేదు. నువ్వు చూడు," అన్నారు నాతో. అంతకు మించి ఏమీ అడగలేదు. అంతకు మించి అడగడానికి నా దగ్గర మాత్రం ఏముంది?

రైల్లో ఆ అమ్మాయిల మాట విన్న పదిహేను రోజులకి తెనాలిలో శిష్యుల సంఘం సమావేశమైంది. కొత్త ముద్రణ వేస్తున్నారు, ముందుమాట నన్ను రాయమన్నారు. పేజీ సంగతి అడిగాను. కన్వీనరు రిటైరైన లెక్చరరు, మేష్టారంటే ప్రాణం. ఆ ప్రాణమే అడ్డం వచ్చింది.

"గురువుగారి వాక్యం ముట్టుకునే హక్కు మనకెక్కడిదండీ? వెనకాల ఎక్కడో చిన్న అక్షరాల్లో నోటు వేద్దాం."

"ఆయనే మార్చమన్నారు కదా."

"పెద్దతనంలో అన్న మాటలండి అవి. రాసిన వయసులో రాసింది రాసినట్టుండాలి. ఆయన వాక్యం ఆయనదే."

టీలు వచ్చాయి. గ్లాసు అందుకుని, తాగకుండానే కింద పెట్టేశాను.

"అది ఆయన వాక్యం కాదండి," అన్నాను. "నాది."

ఎవరికీ అర్థం కాలేదు. కిటికీ, ఫైలు, తల ఎత్తకపోవడం, అన్నీ చెప్పాను. నేను కల్పించి చెప్పింది ఆయన నమ్మి రాసుకున్నారని, ఇన్నేళ్ళూ తన నెత్తిన వేసుకున్నారని చెప్పాను. కన్వీనరు ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్ళు ఎందుకు దాచారండీ అని అడిగారు. పేరొచ్చిన మాట కదండీ, మొదట్లో తియ్యగా ఉండి దాచాను, తర్వాత చేదై దాచాను అన్నాను. గురువుగారి వాక్యాన్ని తీసే హక్కు మీకు లేకపోవచ్చు, నా వాక్యాన్ని వెనక్కి తీసుకునే హక్కు నాకుంది అన్నాను. ఒకాయన నన్ను ముందుమాట రాయనివ్వకూడదన్నాడు. న్యాయమే, వేరేవాళ్ళ చేత రాయించండి అన్నాను. గంట తర్జనభర్జన పడ్డాక కన్వీనరు కళ్ళజోడు తుడుచుకుని, నాకు ఆ మాట రాసివ్వండి, పేజీ మారుస్తాం అన్నారు. అక్కడే రాసిచ్చాను. నా అచ్చయిన రచనల్లో నాలుగోది అవుతుంది, ఇదైనా మా ఆవిడ చదువుతుందేమో.

మారిన పేజీ ప్రూఫు మొన్న చేతికొచ్చింది. అచ్చుకి వెళ్ళేముందు తీసుకుని కోటమ్మ ఊరికి వెళ్ళాను. ఇప్పుడు ఆవిడ పనికి వెళ్ళడం లేదు. వసారాలో గోడకి ఆనుకుని ఉంది. మేష్టారు పోయిన సంగతి ఆవిడకి తెలుసు. ముందు నా సంగతి ఒప్పుకున్నాను. తెలుసులే బాబూ, ఆ రోజు గట్టు మీద మీ మొహం చూసినప్పుడే తెలుసు అంది. తర్వాత పేజీ చదివాను. తన పేరు వచ్చిన చోట ఇంకోసారి చదవమంది. నిలబడటం ఆమెకు సుఖం అన్న చోటుకి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది.

"అక్కడితో ఆపొద్దు బాబూ. అట్టా ఆపితే రేపు ఎవడో చదివి, వీళ్ళకి నిలబడ్డమే సుఖమంట అని ఉన్న బెంచీలు తీసేస్తాడు."

నేను జేబులోంచి పెన్ను తీశాను. ఏం రాయమంటావమ్మా అని అడిగాను. ఆ పూటకి సుఖం అని రాయమంది. నాట్లు లేని రోజున తనూ కూర్చుంటానని రాయమంది. నాలుగు గంటల ముక్క కింద ఎక్కడో కాదు, మొదట్లోనే ఉండాలంది. ఆ నాలుగు గంటల్లో ఇంటి దగ్గర ఏం ఆగిపోయాయో ఎవరూ అడగలేదు కదా అని ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టింది. రాస్తున్నాను. ప్రూఫు కాగితం అంచుల్లో చోటు అయిపోయింది. వెనక్కి తిప్పాను.